‘నాకేంతెలుసు’ గారి పాత కంప్యూటర్లు

తూనికల ఇన్‌స్పెక్టరుకి లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. అది ఆయన తప్పు కాదు, ఉద్యోగం అలాంటిది. దుకాణాల వెంట తిరిగి, త్రాసులు తిరగేసి, రాళ్ళు గోకి చూసి, ఎవడు ఎక్కడ ఎంత నొక్కేస్తున్నాడో పట్టుకోవడమే ఆయన పని. ఏళ్ళ తరబడి అదే పని చేసిన మనిషి ఇంటికొచ్చి చొక్కా విప్పినంత మాత్రాన మారిపోడు కదా. కొన్న కూరగాయలు మళ్ళీ తూచేవాడు. పాలు తూచేవాడు. ఒకసారి డాక్టరు ఇచ్చిన మందు సీసా కూడా, డాక్టరు చూస్తుండగానే తూచాడు. అప్పటినుంచి ఆ డాక్టరు ఈయన్ని చూడగానే పక్క వీధి డాక్టరు చాలా మంచివాడని చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంతటి అనుమానం మనిషి ఒక్కచోట మాత్రం చంటిపిల్లాడిలా నమ్మేసేవాడు. ఆ చోటు ఆయన ఫోనులో ఉంది. పాత సామాన్లు అమ్ముకునే వెబ్‌సైటు అది. ముద్దుగా ‘సంత’ అనేవాడు.

సంతలో ఆయన కొనేవి పాత కంప్యూటర్లు. పాతవంటే నిన్నటివీ మొన్నటివీ కావు. ట్రంకు పెట్టె లాంటి తెర, ఇటుక లాంటి కీబోర్డు, క్యాసెట్ పెట్టుకునే అర ఉన్న కాలం నాటివి. అందులోనూ అమ్మేవాడు కింద ‘పరీక్షించలేదు’ అని రాసి ఉంటేనే కొనేవాడు.

“పరీక్షించలేదు అంటే అర్థం తెలుసా నీకు?” అన్నాడొకనాడు భార్యతో, ఫోను చూపిస్తూ.

“తెలుసు. పరీక్షించాడు, పనిచెయ్యలేదు, అందుకని పరీక్షించలేదని రాశాడు.”

“అదే నీకూ నాకూ తేడా. చేతిలో ఏముందో పాపం వాడికే తెలీదు. తెలిసినవాడైతే ఇంత చవగ్గా ఇస్తాడా?”

“ప్లగ్గు పెట్టి చూడ్డానికి ఎంతసేపు పడుతుందండీ?”

“వాళ్ళింట్లో ప్లగ్గు లేదేమో.”

“మరి ఫోటోలో వెనక గోడకి ఉన్నదేమిటి?”

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. గోడకి శుభ్రమైన ప్లగ్గు ఉంది. ఆ మాటకొస్తే రెండున్నాయి. “కరెంటు పోయిందేమో” అన్నాడు, కొనేశాడు.

ఈ పిచ్చికి మూలం ఉంది. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆఫీసుకి మొట్టమొదటి కంప్యూటరు వచ్చింది. దానికో అద్దాల గది, చల్లటి గాలి, తాళం. పై అధికారి ఒక్కడే లోపలికెళ్ళేవాడు. కుర్ర ఇన్‌స్పెక్టరు అద్దానికి ముక్కు ఆనించి చూస్తే, అద్దం మీద మరక పడిందని అందరి ముందూ తుడిపించారు. ఆ రోజు ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది. ఎప్పటికైనా అలాంటిది ఒకటి తన చేత్తో వెలిగించాలని అప్పుడే అనుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో వెనక గది నిండా ఉన్నాయి. ఒక్కటీ వెలగలేదు. ఒకటి మాత్రం కొంచెం పొగ వదిలింది. దాన్ని ఆయన మంచి సూచనగా తీసుకున్నాడు.

భార్య కష్టం వేరు. ఆవిడ పుస్తకాలు బైండింగు చేస్తుంది. చిరిగిపోయిన పుస్తకాన్ని విప్పి, కుట్టి, జిగురు రాసి, కొత్త అట్ట వేసి ఇచ్చిందంటే, రాసినవాడు కూడా ఇది నాది కాదేమో అనుకోవాలి. ఆ పనంతా భోజనాల బల్ల మీదే. ఒక చివర జిగురు డబ్బా, ఒక చివర అన్నం గిన్నె. ఒకసారి ఇన్‌స్పెక్టరు మజ్జిగ అనుకుని జిగురు వడ్డించుకున్నాడు. కలుపుకున్నాక గానీ తెలియలేదు, ఎందుకంటే చెయ్యి పైకి రాలేదు.

ఈమధ్య ఊళ్ళో పెద్ద లైబ్రరీవాళ్ళు ఆవిడకి కబురు చేశారు. పాత పుస్తకాలన్నీ బైండింగుకి మీకే ఇస్తాం, కాకపోతే మీకంటూ ఒక గది ఉండాలి, అందులో పుస్తకాలు నొక్కిపెట్టే ఇనప ప్రెస్సు ఉండాలి, మేమొచ్చి చూస్తాం అన్నారు. ఆవిడ జీవితమంతా ఎదురుచూసిన పని అదే. ఇంట్లో అందుకు పనికొచ్చేది ఒక్కటే గది, వెనక గది. అందులో కాలు పెట్టాలంటే ముందు ఒక కంప్యూటర్ని బయట పెట్టాలి.

“ఆ గది నాకు కావాలండీ” అంది ఆవిడ, మామూలు గొంతుతోనే.

“ఇస్తాను. ఇవి బాగుచేసి అమ్మేశాక ఇస్తాను.”

“బాగుచెయ్యడమంటే మీరు రోజూ మూత తీసి లోపలికి ఊదుతారే, అదేనా?”

“ఊదడం తేలికనుకున్నావా?”

చివరికి ఆవిడ ఇంటికో చట్టం పెట్టింది. కొత్త కంప్యూటరు ఒకటి గుమ్మం లోపలికి రావాలంటే, పాతది ఒకటి గుమ్మం దాటాలి. గది ఖాళీ అవకపోయినా కనీసం ఇంకా పెరగకుండా ఉంటుంది. ఇన్‌స్పెక్టరు వెంటనే సరేనన్నాడు. ఆయనంత తేలిగ్గా సరేనన్నాడంటే ఎవరైనా అనుమానించాలి. ఆవిడ అనుమానించింది కూడా.

ఆయన ఎత్తు ఏమిటంటే, పాతదాన్ని గుమ్మం దాటించడం నిజమే, దాటించి పారెయ్యక్కర్లేదు. బావమరిది ఉన్నాడు. మోటారు సైకిళ్ళ మెకానిక్కు, ఒళ్ళంతా గ్రీజు, వీధులన్నీ స్నేహితులు. అతని రిపేరు షెడ్డు వెనకాల మూల చాలా చోటుంది.

“ఒక టార్పాలిన్ కింద పెట్టించు చాలు” అన్నాడు ఇన్‌స్పెక్టరు, మొదటి పెట్టె ఆటోలోంచి దించుతూ. “మీ అక్కకి తెలియకూడదు. పాత ఇనుము బండివాడికి ఇచ్చేశానని చెప్పాను.”

“నేనెందుకు చెప్తాను బావా.”

“ఒట్టెయ్యి.”

“అక్క మీద ఒట్టు.”

ఇన్‌స్పెక్టరు మనసు కుదుటపడింది. అందరి త్రాసులూ తిరగేసి చూసేవాడు, తన పెళ్ళాం మీద తన బావమరిది వేసిన ఒట్టుని మాత్రం తిరగేసి చూడలేదు.

అలా రాకపోకలు మొదలయ్యాయి. ఒకటి రావడం, ఒకటి ఆటో ఎక్కడం. తనకి రెండు ఖజానాలున్నాయనీ, ఇంట్లోది తరగకుండా షెడ్డులోది దినదినం పెరుగుతోందనీ ఆయన మురిసిపోయేవాడు. అడపాదడపా షెడ్డుకెళ్ళి టార్పాలిన్ని బయటినుంచే చూసి వచ్చేవాడు. అది ఉబ్బెత్తుగా కనబడేది. “లోపల దుమ్ము పడుతుంది, విప్పకు బావా” అనేవాడు బావమరిది. ఎంత జాగ్రత్తపరుడో అనుకునేవాడు ఈయన.

సరిగ్గా అప్పుడే సంతలో కొత్తగా ఒక అమ్మకందారు వెలిశాడు. పేరు ‘నాకేంతెలుసు’.

ఆ పేరు చూడగానే ఇన్‌స్పెక్టరు గుండె ఒక్క గంతు వేసింది. ‘నిజాయితీ నిలయం’, ‘నమ్మకానికి మారుపేరు’ అని పెట్టుకున్నవాళ్ళని ఆయన ఆమడ దూరం నుంచే పసిగట్టేవాడు. ఇతనెవరో అమాయకుడు. రాసిన తీరు కూడా అలాగే ఉంది. ‘ఇంట్లో దొరికిన పెట్టె. టీవీ లాగా ఉంది, సినిమా రాదు. కింద అక్షరాల బటన్లు ఉన్నాయి, వరసలో లేవు. ఎందుకు వాడతారో తెలియదు. పరీక్షించలేదు.’

“చూశావా” అన్నాడు భార్యతో, పట్టరాని ఆనందంతో. “అక్షరాలు వరసలో లేవట. ఇంతకంటే అజ్ఞాని దొరుకుతాడా?”

“దొరకడండి” అంది ఆవిడ, పుస్తకం కుట్టుకుంటూ. “కొనండి.”

కొనమంది. పెళ్ళయ్యాక ఆ మాట ఆవిడ నోటివెంట రావడం అదే మొదలు. ఇన్‌స్పెక్టరు చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. ఎందుకు కొనమంటోంది? ఒంట్లో బాగాలేదా? కాసేపు అనుమానంగా చూసి, మనసు మార్చుకోకముందే కొనేశాడు.

‘నాకేంతెలుసు’ పార్సిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఊళ్ళోంచే వస్తున్నాయి. పంపినవారి చిరునామా దగ్గర కొరియర్ కౌంటరు ముద్ర తప్ప ఏమీ ఉండేది కాదు. పెట్టె వచ్చిన ప్రతిసారీ ఇన్‌స్పెక్టరు దాన్ని విప్పడానికి ముందు తూచేవాడు, విప్పాక మళ్ళీ తూచేవాడు, అట్టపెట్టె బరువు తీసేసి లెక్క చూసేవాడు.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండవు, పెళ్ళిపీటల మీద పెళ్ళికూతురి పేరు రెండుసార్లు అడిగాడట. బరువులు మాత్రం చచ్చినా మరిచిపోడు. అలాంటి మనిషికి ఒక ఉదయం, కొత్తగా వచ్చిన పెట్టెని త్రాసు మీద పెట్టగానే ఒళ్ళు జలదరించింది.

“ఈ బరువు నాకు తెలుసు” అన్నాడు.

“ఒకే రకం కంప్యూటర్లు ఒకే బరువుంటాయి కదండీ” అంది ఆవిడ.

“ఉండవు. ఒకడు స్క్రూ పోగొడతాడు, ఇంకొకడి దాంట్లో బొద్దింక చచ్చి ఉంటుంది. పోయిన నెల బండివాడికి ఇచ్చేశానే, అది, ఇది, గ్రాము తేడా లేదు.”

“బండివాడు నాకేంతెలుసుకి అమ్ముకున్నాడేమో.”

ఇన్‌స్పెక్టరు త్రాసు మీది పెట్టెని అటూ ఇటూ సర్దాడు. బండివాడే లేడు. ఆ సంగతి ఆవిడకి చెప్పడానికి లేదు.

అప్పటినుంచి ఆయనకి నిద్ర పట్టలేదు, తిండి సహించలేదు. ఊళ్ళో ప్రతివాడూ దొంగలాగే కనబడ్డాడు. కొరియర్ కౌంటరులో కూర్చున్నవాడు తనని చూసి నవ్వాడు, ఎందుకు నవ్వాడు? ఆటోవాడు షెడ్డు దారి అడక్కుండానే తిప్పుతున్నాడు, అతనికెలా తెలుసు? రోజూ తీసుకెళ్తున్నాడు కాబట్టి తెలుసని తర్వాత తట్టింది గానీ, అనుమానం మాత్రం ఉంచుకున్నాడు. భార్య మీద కూడా ఒక కన్ను వేశాడు. ఆవిడ ఈమధ్య పనిచేస్తూ కూనిరాగం తీస్తోంది.

చివరికి ఉద్యోగధర్మం ఆదుకుంది. తనిఖీ చేసిన త్రాసుకి సీసం బిళ్ళతో సీలు వేస్తారు, ఇక దాన్ని ఎవరూ మార్చడానికి వీల్లేకుండా. తర్వాతి పెట్టెని షెడ్డుకి పంపేముందు, ఇన్‌స్పెక్టరు మూత తీసి, లోపల వైర్ల గుంపులో ఎవరికీ కనబడని చోట ఒక సీలు బిగించాడు. మీద తన ముద్ర కొట్టాడు. ఏమీ ఎరగనట్టు ఆటో ఎక్కించాడు.

వారం తిరక్కుండా సంతలో ప్రకటన. ‘మరో పెట్టె దొరికింది. ఇది కూడా టీవీ కాదు. పరీక్షించలేదు. — నాకేంతెలుసు.’

కొన్నాడు. పార్సిలు వచ్చింది. గది తలుపు వేసుకుని, మూత విప్పి, టార్చిలైటు వేశాడు. వైర్ల మధ్య సీసం బిళ్ళ తళుక్కుమంది. దాని మీద తన ముద్ర, తన పేరు మొదటి అక్షరం.

ఇన్‌స్పెక్టరు అక్కడే చతికిలపడ్డాడు. అంటే తను కొన్నది తనదే. ఇంతకుముందు కొన్నవీ తనవే అయుంటాయి. బావమరిది మీద ఆయనకి పట్టరాని కోపం వచ్చింది. ఆ వెంటనే తనమీద తనకి జాలి కూడా వేసింది, ఎందుకంటే ఎవరికి చెప్పుకోవాలి? దొంగతనం అని అరిస్తే, ఏం పోయిందని భార్య అడుగుతుంది. పారేశానని చెప్పినవే పోయాయని చెప్పాలి.

“ఏమైందండీ, మొహం అలా ఉంది?” అంది ఆవిడ తలుపు బయటినుంచి.

“ఏం లేదు. ఇదీ వెలగలేదు.”

“పోనీలెండి, ఇంకొకటి కొనుక్కుందురుగాని.”

సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా షెడ్డుకి వెళ్ళాడు. బావమరిది ఒక బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికున్నాయి.

“నా సామాను చూడాలి” అన్నాడు ఇన్‌స్పెక్టరు ఆ కాళ్ళతో.

కాళ్ళు కదలడం మానేశాయి. “ఇప్పుడెందుకు బావా, దుమ్ము...”

“నేను దుమ్ము తూచే మనిషిని. టార్పాలిన్ తీస్తున్నాను.”

తీశాడు. కింద ఒక్క కంప్యూటరు కూడా లేదు. నల్లగా, నిగనిగలాడుతూ, పెద్ద చక్రం ఉన్న ఇనప యంత్రం ఒకటి నిలబడి ఉంది. పుస్తకాలు నొక్కే ప్రెస్సు. చక్రానికి కొత్తగా నూనె కూడా పెట్టారు.

“ఇదేమిటి?”

“నాకేం తెలుసు బావా” అన్నాయి బండి కిందనుంచి కాళ్ళు.

ఇన్‌స్పెక్టరుకి అప్పుడు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఇంటికి వెళ్ళేదారిలో ఏం మాట్లాడాలో, ఏ స్థాయిలో మాట్లాడాలో అన్నీ సిద్ధం చేసుకున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆవిడ ముందే అందుకుంది.

“చొక్కా మీద టార్పాలిన్ దుమ్ముంది. దులుపుకుని లోపలికి రండి.”

సిద్ధం చేసుకున్నవన్నీ ఎగిరిపోయాయి. “నీకు... ఎప్పటినుంచి తెలుసు?”

“మొదటి రోజునుంచీ. మీ ఆటో వెనక్కి తిరక్కముందే వాడు ఫోన్ చేశాడు. అక్కా, నీ మీద ఒట్టేశాను, ఇప్పుడేం చెయ్యమంటావు అన్నాడు. నాకేమీ కాదులే, చెప్పు అన్నాను.”

“ఇది మోసం. నా సామాను నాకే అమ్మడం.”

“మీ సామానా? బండివాడికి ఇచ్చేశానన్నారుగా. ఇచ్చేసినవి మీవెలా అవుతాయి?”

ఇన్‌స్పెక్టరు చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు. “ఆ సంగతి అలా ఉంచు. వినియోగదారుణ్ణి మోసం చెయ్యడం నేరం. ఆ చట్టం నాకు తెలిసినంతగా నీకు తెలీదు.”

“చెప్పండి మరి. పరీక్షించలేదని రాసి ఉంది. అబద్ధమా? ఎవరైనా ప్లగ్గు పెట్టారా?”

“లేదు.”

“టీవీ కాదని రాసి ఉంది. టీవీయా?”

“కాదు.”

“బరువు తగ్గిందా?”

“గ్రాము కూడా తగ్గలేదు” అన్నాడు ఆయన, ఒప్పుకోక తప్పక. వృత్తిలో ఇంత కచ్చితమైన తూకం ఆయన ఎక్కడా చూడలేదు. తెలిసిన సెక్షన్లన్నీ మనసులో తిరగేశాడు. ఒక్కదాని కిందా కేసు నిలవదు.

“ఇంతకీ నువ్వేనా ఆ నాకేంతెలుసు?”

“ఆ పేరు నాకెక్కడ నప్పుతుంది చెప్పండి” అంది ఆవిడ. “ఇప్పుడు గది సంగతి మాట్లాడుకుందాం. ప్రెస్సుకి కొంత కట్టాం, ఇంకొంత కట్టాలి. వచ్చే వారం లైబ్రరీ ఆవిడ గది చూడ్డానికి వస్తోంది. ఆ పని చేజారిపోతే మళ్ళీ రాదు. నా జన్మంతా భోజనాల బల్ల మీదే అయిపోతుంది.”

ఆ చివరి మాట అంటూ ఆవిడ కొంగుతో చేతి మీది జిగురు తుడుచుకుంది. ఇన్‌స్పెక్టరుకీ బాధేసింది. గది ఇచ్చేద్దామని నిజంగానే అనిపించింది. కానీ లోపల దీపం వెలగని తెరలు వరసగా తనవైపే చూస్తున్నట్టు తోచింది.

“సరే” అన్నాడు. “న్యాయంగా తేల్చుకుందాం. గదిలో ఉన్నవన్నీ ఒకే మూటగా సంతలో వేలం వెయ్యి. ఎవడైనా కొంటే గది నీది. ఎవడూ కొనకపోతే గది నాది, ఇక ఆ మాట ఎత్తకూడదు. నేను వేలు కూడా పెట్టను.”

ఆయన మళ్ళీ ఎత్తు వేశాడు. ఒక గదినిండా చచ్చిన కంప్యూటర్లు కొనే వెర్రివాడు ఊరు మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు, వాడు వేలు పెట్టనని ఇప్పుడే మాటిచ్చాడు.

“నిజంగానా?” అంది ఆవిడ.

“నిజంగానే.”

మర్నాడే ప్రకటన వచ్చింది. ‘గది నిండా పెట్టెలు. టీవీలు కావు. ఇన్ని ఎందుకు కొన్నారో తెలియదు. పరీక్షించలేదు.’ దాని కింద ఇంకా ఏదో చిన్న అక్షరాల్లో ఉంది, నొక్కితే గానీ తెరుచుకోదు. తన గదిలో ఏముందో తనకి తెలియదా అని ఇన్‌స్పెక్టరు నొక్కలేదు. కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. రెండు రోజులు ఎవరూ అటువైపు చూడలేదు. ఆయన జాలిగా భార్య వంక చూసి, భోజనాల బల్లని ఒక జానెడు పెద్దది చేయిద్దామన్నాడు.

చివరి రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. వేలంపాటలో ఎవరో పాడారు. పాడినవాడి పేరు ‘అన్నీతెలుసు’.

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అన్నీ తెలిసినవాడు ఊరికే పాడడు. వాడికేం తెలుసు? ఆ గదిలో ఏదో ఉంది. తను ఇన్నాళ్ళూ ఊది పక్కన పెట్టినవాటిలో ఏదో అరుదైనది ఉంది, దాని విలువ వాడికి తెలుసు. తనకి తెలీదు. తను వెతుకుతూ తిరిగిన అజ్ఞాని ఎవడో కాదు, తనే.

అంతలో అసలు అనుమానం వచ్చింది. వీడు బావమరిది కాడు కదా? ఇంక ఆగలేదు, తలనొప్పని చెప్పి షెడ్డుకి పరిగెత్తాడు. బావమరిది రెండు చేతులూ మోచేతుల దాకా ఇంజన్లో పెట్టి ఉన్నాడు. ఫోను దూరంగా డబ్బా మీద ఉంది. ఇన్‌స్పెక్టరు ఆ చేతులవంకే చూస్తూ నిలబడ్డాడు. చూస్తుండగానే ‘అన్నీతెలుసు’ పాట పెంచాడు. చేతులు ఇంజన్లోనే ఉన్నాయి. వీడు కాదు.

భార్యకి ఫోన్ చేశాడు. “ఎక్కడున్నావు?”

“లైబ్రరీలో” అంది గుసగుసగా. “ఇక్కడ మాట్లాడకూడదు” అని పెట్టేసింది.

ఆవిడా కాదు. అయితే వాడెవడో నిజంగా బయటివాడు, నిజంగా తెలిసినవాడు. పాట ముగియడానికి ఇంకాసేపే ఉంది. ఇన్‌స్పెక్టరు బుర్రలో మెరుపు మెరిసింది. మాట తప్పడం తప్పే. కానీ తనే కొనేస్తే? సామాను తనదే అవుతుంది. తన సామాను తన ఇంట్లో ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అవతలివాడికీ దక్కదు, గదీ పోదు. ఇంత చిన్న ఉపాయం ఇందాకటినుంచీ ఎందుకు తట్టలేదో అనుకున్నాడు.

పాడాడు. ‘అన్నీతెలుసు’ ఇంకొంచెం పెంచాడు. ఈయన పెంచాడు. అవతలివాడు మళ్ళీ పెంచాడు. ఆత్రం చూస్తే వాడు లోపల బంగారమే చూసినట్టుంది. ఇన్‌స్పెక్టరు పళ్ళు బిగించి ఒక్క పెట్టున ఎంత పాడాడంటే, ఇంజన్లోంచి బావమరిది తల పైకెత్తి “నీళ్ళు తాగుతావా బావా” అని అడిగాడు. అవతల నిశ్శబ్దం. పాట ముగిసింది. ‘అభినందనలు, ఇది మీదే’ అని వచ్చింది.

ఆయన ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాడు. అప్పటికి ఆవిడ వచ్చి, గుమ్మం పక్కన చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

“అమ్ముడుపోయాయిగా” అన్నాడు, మీసం మీద చెయ్యి వేసుకుని. “కొన్నదెవరో తెలుసా? నేనే. నా సామాను, నా ఇష్టం. ఎక్కడివక్కడే ఉంటాయి.”

“వేలు పెట్టనన్నారు?”

“పెట్టాల్సి వచ్చింది. పెద్ద ఘటం ఒకడు కాచుక్కూర్చున్నాడు.”

“చిన్న అక్షరాలు చదివారా?”

దుకాణాలవాళ్ళందరికీ చిన్న అక్షరాలు చదవమని ఉపన్యాసాలిచ్చే మనిషి ఆయన. ఫోను తీసి నొక్కాడు. ‘ఇంటికి పంపబడవు. కొన్నవారే స్వయంగా మోసుకెళ్ళాలి. మర్నాటికల్లా గది ఖాళీ చెయ్యాలి. అలా అయితేనే పాడండి.’

“ఇది చదివే మీరు ఒప్పుకున్నట్టు లెక్క. చట్టం మీకు నాకంటే బాగా తెలుసు” అంది ఆవిడ.

ఆయన చాలాసేపు చట్టం గురించే ఆలోచించాడు. చట్టం ఆవిడ పక్కనే కూర్చుని ఉంది.

“ఒక్క మాట చెప్పు” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “నేను పాడకపోతే ఆ అన్నీతెలుసుగాడు పట్టుకుపోయేవాడు కదా. అప్పుడు నీకు కూడా...”

“పట్టుకుపోయేదాన్ని” అంది ఆవిడ. “పాత ఇనుము బండివాణ్ణి కూడా మాట్లాడిపెట్టాను. ఈసారి నిజం బండివాణ్ణి.”

ఇన్‌స్పెక్టరు ఫోనులో ‘అన్నీతెలుసు’ పేరుని ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూశాడు.

“నువ్వు లైబ్రరీలో ఉన్నానన్నావు?”

“ఉన్నాను. మాట్లాడకూడదన్నారు గానీ, ఫోను నొక్కకూడదనలేదు.”

“మరి అమ్మినవాడు?”

“దుకాణం మా తమ్ముడిది. మొదటినుంచీ వాడిదే. పాపం వాడికేం తెలుసు, నేను చెప్పింది రాస్తాడు. నేను గెలిస్తే సామాను నాది, బయట పడేసేదాన్ని. మీరు గెలిస్తే మీది, మీరే బయటికి మొయ్యాలి. నాకు కావలసింది గది, ఎవరు గెలిచినా ఒకటే. మీరు అంత పాడతారని మాత్రం అనుకోలేదండీ. ప్రెస్సు బాకీ తీరిపోగా, అట్టలు కత్తిరించే కత్తి కూడా వస్తుంది.”

ఆవిడ మొహంలో అప్పుడు కనిపించిన సంతోషం ఆయన పెళ్ళినాడు కూడా చూడలేదు. పెళ్ళినాడు చూడకపోవడానికి కారణం ఆవిడ పేరు ఆయన రెండుసార్లు అడగడమే కావచ్చు. ఏమైనా, ఆ మొహం చూశాక ఆయనకి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని వెనక గదిలోకి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నుంచీ మోశాడు. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. బావమరిది ఆటోకి ఎత్తించాడు, షెడ్డులో మూల చోటు ఖాళీగా ఉందనీ, అద్దె విషయం అక్కతో మాట్లాడుకోమనీ చెప్పాడు. నలుగురు మనుషులు ఇనప ప్రెస్సుని భుజాల మీద పెట్టుకుని గుమ్మంలో ఎదురుచూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు అన్నిటికంటే పెద్దదాన్ని కౌగిలించుకుని, గడ్డం దాని మీద ఆనించి, పక్కవాటంగా నడుస్తూ బయటికొస్తున్నాడు.

ఆవిడ లోపల కొలతటేపు పట్టుకుని గోడలు కొలుస్తోంది. వెనక్కి తిరక్కుండానే అంది.

“మెల్లిగా అండీ, తలుపుకి గీతలు పడతాయి. నా గది.”